గోడవైపు తిరిగిన కుర్చీ

సంచిలోని సరంజామా అంతా చూపించి, చెప్పాల్సినదంతా చెప్పేశాక గోడక్క కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చునేది. బస్సు డిపో విశ్రాంతి గదిలో డ్రైవర్లందరికీ ఆమె వీపు కనబడేది. ఆమెకు ఆకుపచ్చ రంగు గోడ, దాని మీద చెమ్మ మరక కనబడేవి. అసలు పని అప్పుడే మొదలయ్యేది.

ఆరోగ్య కేంద్రం తరఫున కుటుంబ నియంత్రణ గురించి, రోగాలు అంటించుకోకుండా కాపురం చేసుకోవడం గురించి నలుగురికీ చెప్పడం ఆమె ఉద్యోగం. ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ డిపోలో దాన్ని పలికిన పాపాన పోయినవాడు లేడు. మొదట్లో ఆమె కూడా అందరిలాగే జనానికి ఎదురుగా నిలబడేది. చెక్క నమూనా మీద కండోమ్ ఎలా తొడగాలో చూపిస్తుంటే, ఇరుకు సందుల్లో బస్సును వెనక్కి నడిపే మొనగాళ్ళంతా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేవాళ్ళు. సందేహాలున్నాయా అని అడిగితే బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చునేవాళ్ళు.

ఒకనాడు ఒళ్ళుమండి, ఇక మీ ఖర్మ అనుకుని, బొమ్మల పటం చుట్టేయడానికి గోడవైపు తిరిగింది. వీపు వెనకనుంచి ఎవరో గొంతు మార్చి, కండోమ్ ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే ఇంకా భద్రమా అని అడిగారు. రెండూ రాసుకుని చిరుగుతాయి, ఒక్కటే సరిగ్గా తొడుక్కోండి అని ఆమె గోడకు చెప్పింది. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. పటం చుట్టడం అయిపోయినా ఆమె ఇటు తిరగలేదు. ఆ మర్నాటి నుంచి కుర్చీయే అటు తిరిగింది.

క్రమంగా ఆ కుర్చీకి కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. చెప్పిన గంటసేపూ అయ్యేదాకా ఆమె వెనక్కి తిరిగి చూడదు. గొంతును బట్టి మనిషిని పోల్చుకున్నా పోల్చుకోనట్టే ఉంటుంది. గోడలకు చెవులుంటాయంటారు, నా గోడకు నోరు లేదు అని నవ్వేది. ఇవి కాక ఆమె ఎవరికీ చెప్పకుండా తనకు తానే పెట్టుకున్న కట్టుబాటు ఇంకొకటుంది. ఆ కుర్చీలో కూర్చుని అబద్ధం ఆడదు. తెలియనిది తెలియదనే చెబుతుంది, కనుక్కుని మరీ వచ్చి చెబుతుంది. మొహం చూడకుండా అడిగేవాళ్ళు మాటనే నమ్ముతారు కదా, ఆ మాట కూడా నికరంగా లేకపోతే ఇక వీపు చూపించి లాభమేమిటని ఆమె లెక్క.

డిపో అంతా ఆమెను అక్కా అని పిలిచేది. అందువల్ల రోడ్డుకు అవతల సెలూన్ నడుపుకునే ఆమె మొగుడు అడగకుండానే డిపో మొత్తానికీ బావ అయిపోయాడు. బావంటే ఇక చెప్పేదేముంది, గడ్డానికి సబ్బు పూసే లోపల ఎవడు పడితే వాడు వేళాకోళమాడేవాడు. ఆయన చిరునవ్వు నవ్వుతూ కత్తి నూరుకునేవాడు. కత్తి చేతిలో ఉన్నవాడికి కోపం ఉండకూడదనేది ఆయన సిద్ధాంతం.

అలాంటి నిదానస్తుడికి ఒకటే భయం, సూది. పొద్దస్తమానం ఊరందరి గొంతుల మీద కత్తి పెట్టే మనిషి, తన చేతికి సూది గుచ్చుతారంటే చాలు, కళ్ళు తేలేసేవాడు. రెండో పాప పుట్టాక గోడక్క లూప్ వేయించుకుంది. దానితో నడుమునొప్పి, నెలనెలా పడాల్సిన దానికి రెట్టింపు బాధ. నీకెందుకీ తిప్పలు, నేనే ఆపరేషన్ చేయించుకుంటాలే అని ఆయన మాటిచ్చి ఏళ్ళు గడిచాయి. ఎండలు తగ్గనీ అనేవాడు, వానలు తగ్గనీ అనేవాడు, చలి తగ్గనీ అనేవాడు. మంచివాడే, పిల్లలకు జడలు వేసేది కూడా ఆయనే. ఈ ఒక్క విషయంలోనే ‘రేపు’ అనే మాట తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు.

సరే, ఆ ఏడాది ఆరోగ్య కేంద్రంలో మగవాళ్ళ ఆపరేషన్లకు శిబిరం పెట్టారు. డిపోలో ఒక్కరు కూడా వస్తామనలేదు. మగతనం పోతుందా, స్టీరింగ్ తిప్పే బలం ఉంటుందా, ఒళ్ళు వస్తుందా అని వెనకనుంచి ప్రశ్నల మీద ప్రశ్నలు వచ్చాయి. ఏదీ పోదు, గొట్టాలు రెండు ముడేస్తారు అంతే, మిగతా సంసారమంతా మామూలే అని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆపరేషన్ అయితే రోగాల భయం కూడా ఉండదా అని ఒకరు అడిగారు. అది పిల్లల్ని ఆపుతుంది గానీ రోగాలను ఆపదు, దానికి కండోమే దిక్కు అంది. గదిలో నిశ్శబ్దం చూస్తే ఇద్దరు ముగ్గురు ఊగిసలాటలో ఉన్నారని ఆమెకు అర్థమైంది. అప్పుడు ఒక గొంతు వచ్చింది. గొంతు మార్చినా అది హారన్ గొంతే. మెల్లగా మాట్లాడటం పుట్టుకతో రాని ఆ డ్రైవర్‌కు డిపో పెట్టుకున్న పేరు అది.

"మా సంగతి సరే అక్కా. బావ చేయించుకున్నాడా?"

గోడక్క చెమ్మ మరక వైపు చూసింది. లేదని చెబితే ఊగుతున్నవాళ్ళు కూడా లేచిపోతారు. హారన్ భార్య మూడో కాన్పులో చావు తప్పి బయటపడింది, ఇంకొకటి తట్టుకోలేదని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆమె బుర్రలో తిరిగాయి. నోరు మాత్రం అంతసేపు ఆగలేదు.

"చేయించుకున్నారు," అంది.

వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో ఈల వేశారు. గంట అయ్యాక హారన్‌తో సహా కొందరు వచ్చి శిబిరానికి వస్తామన్నారు. గోడక్క సంచి సర్దుకుంటూ నవ్వింది గానీ ఆ నవ్వు లోపలిదాకా దిగలేదు.

సాయంత్రం మొగుడికి ముందే చెప్పి పెట్టాలనుకుంది. ఆమె ఇల్లు చేరేసరికే వార్త సెలూన్ చేరి, గడ్డం గీయించుకుని, తల దువ్వుకుని వెళ్ళిపోయింది. భోజనాలయ్యాయి. పిల్లలు పడుకోవడానికి లేచి వెళ్ళాక ఆయన చేయి కడుక్కుంటూ, ఎవరి గురించో అడిగినట్టు అడిగాడు.

"నాకు ఆపరేషన్ అయిందంట కదా. నొప్పేమన్నా పుట్టిందా నాకు?"

ఆమె తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పి, తప్పయిపోయిందండీ అంది. ఆయన ఫక్కున నవ్వాడు. హారన్ వచ్చి కుర్చీలో కూర్చుని బావా నొప్పి పుట్టిందా అని అడిగేసరికి తాను కత్తి కింద పెట్టాల్సి వచ్చిందన్నాడు. భార్య ఎందుకు అలా అందో తెలియదు గానీ, అన్నదంటే ఏదో ఉంటుందనుకుని, చీమ కుట్టినట్టుంటుందని చెప్పేశాడట. ఆ మాట వినగానే గోడక్క కూడా నవ్వేసింది. గండం గడిచిందనుకుంది. ఎవరేం చెప్పినా ఇంకా ఏమైనా ఉందా అని మరో ప్రశ్న వేయనిదే వదలని మనిషి, ఆ పూట మొగుణ్ణి ఆ మరో ప్రశ్న అడగలేదు. కొంప అక్కడే మునిగింది.

శిబిరం బాగా జరిగింది. హారన్ లోపలికి వెళ్ళేటప్పుడు అరిచినంత గట్టిగా వచ్చేటప్పుడు అరవలేదు. ఒక్కొక్కరికీ గోడక్క దగ్గర కూర్చుని అప్పగింతలు పెట్టింది. ఇవాళ్టితో పని అయిపోలేదు, లోపల ముందున్న వీర్యకణాలు ఇంకా మిగిలి ఉంటాయి, మూడు నెలలదాకా కండోమ్ వాడాలి, ఆ తర్వాత పరీక్షకు రావాలి, అందులో ఏమీ లేదని తేలాకే నిశ్చింత అంది. తలా ఒక కండోమ్‌ల డబ్బా చేతిలో పెట్టింది. అందరూ బుద్ధిమంతుల్లా తలూపారు. డాక్టరమ్మ మెచ్చుకుంది. ఆ రాత్రి గోడక్క హాయిగా నిద్రపోయింది.

కొన్ని వారాలకు హారన్ భార్య చంటిదానికి టీకా వేయించడానికి ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. మాటల్లో మాటగా, మా ఆయన మీరిచ్చిన డబ్బా సీలు కూడా తీయలేదు వదినా, అటక మీద పడేశాడు అంది. గోడక్క చేతిలోని దూది పక్కన పెట్టింది. మూడు నెలలు వాడాలని చెప్పాను కదమ్మా అంటే, ఆ అమ్మాయి సిగ్గుపడుతూ అసలు సంగతి చెప్పింది.

"నేనూ అదే అన్నాను. అక్క చెప్పేది పుస్తకంలో మాట, బావది అనుభవం అన్నాడు. మీ ఇంట్లో ఆ వారం నుంచే ఏ జాగ్రత్తా లేదట కదా. అన్నయ్యగారే చెప్పారట."

గోడక్క ఆ అమ్మాయిని కూర్చోబెట్టింది. నెలసరి ఎప్పుడని అడిగితే, ఈ నాలుగైదు రోజుల్లో రావాలంది. అప్పటిదాకా ఏమీ తేలదు. కడుపు గనక వస్తే ఆ పిల్ల ప్రాణానికే ముప్పు. అంతటితో ఆగదు. ఆపరేషన్ చేయించుకున్నవాడి పెళ్ళానికి కడుపు వచ్చిందంటే లోకం ఎవరిని వేలెత్తి చూపిస్తుందో గోడక్కకు తెలియనిది కాదు. రాకపోయినా సరే, మిగతా మగవాళ్ళ ఇళ్ళలో ఎన్ని డబ్బాలు అటకెక్కాయో. అప్పటికప్పుడు డాక్టరమ్మకు చూపించి, ఇవాళ్టి నుంచి మాత్రం జాగ్రత్త తప్పద్దని ఆ అమ్మాయి చేత ఒట్టు పెట్టించుకుని, సంచి భుజాన వేసుకుని నేరుగా సెలూన్‌కు వెళ్ళింది.

లోపల ఎవరూ లేరు. ఆయన అద్దం తుడుస్తున్నాడు. ఆపరేషన్ అయిన ఎన్నాళ్ళకు భయం లేదని చెప్పారు మీరు అని అడిగింది. ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. ఎవరో అడిగారు, నాకేం తెలుసు, పుండు మానితే చాలనుకుని వారం అని చెప్పాను అన్నాడు. ఎవరెవరికి అంటే, అడిగిన ప్రతివాడికీ అన్నాడు. ఆమె గడ్డం గీసే కుర్చీలో కూలబడింది. ఆయన్ని తిట్టాలని వచ్చింది గానీ తిట్టడానికి నోరు రాలేదు. మొదటి అబద్ధం తనది. ఆయన దానికి తోక మాత్రమే తగిలించాడు.

"రేపు డిపోలో చెప్పేస్తాను," అంది.

"నలుగురిలో నవ్వులపాలవుతావే. ఇక ఆ కుర్చీ దగ్గరికి ఎవడొస్తాడు?"

"రాకపోతే మానె. ఆ పిల్ల నిందలపాలు కాకూడదు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చాలాసేపు అద్దంలోకి చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు గోడక్క కుర్చీని తిప్పలేదు. డ్రైవర్లకు ఎదురుగా కూర్చుంది. గదిలో ఏదో తేడా ఉందని అందరికీ తెలిసిపోయింది. మా ఆయనకు ఆపరేషన్ కాలేదు, నేను అబద్ధం చెప్పాను అంది. వారం తర్వాత భయం లేదన్నది కూడా తప్పని, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళంతా ఇవాళే ఆ డబ్బాలు కిందికి దించాలని చెప్పింది. హారన్ లేచి నిలబడ్డాడు. ఆ మనిషి మెల్లగా మాట్లాడటం డిపో అదే మొదటిసారి వినడం.

"మరి మా ఇంట్లో ఏదన్నా అయితే?"

"అయితే నీ భార్య తప్పు కాదు, డాక్టరమ్మ తప్పు కాదు, నా తప్పు. ఇంతమంది ముందు చెబుతున్నాను. ఎవడన్నా ఆ అమ్మాయిని ఒక్క మాట అంటే నన్ను పిలువు, వచ్చి మళ్ళీ ఇదే చెబుతాను."

హారన్ టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వెనక వరుసలో ఎవరో, అయితే బావ ఇంకా కన్నెపిల్లాడేనన్నమాట అనేసరికి గది గొల్లుమంది. గోడక్క కూడా నవ్వడానికి ప్రయత్నించింది. ఆ నవ్వు అలాగే సాగినా బాగుండేది, తిట్టినా బాగుండేది, ఆ తర్వాత ఆ పూట గంట అయ్యేదాకా ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అదే ఆమెను కోసింది.

ఆ వారం ఆమెకు ముద్ద దిగలేదు. ఇంట్లో ఏం జరుగుతోందో కూడా పట్టలేదు. మొగుడు కత్తెరలు సాన పట్టించాలని పొద్దున్నే ఎక్కడికో వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చాడు. నడుం పట్టేసిందని రెండు రోజులు షాపు మూసి, దిండు మీద కూర్చుని పిల్లలకు జడలు వేశాడు. మంచినీళ్ళ బిందె ఎత్తమంటే పెద్దపిల్లను పిలిచాడు. ఇవన్నీ ఆమె కళ్ళ ముందే జరిగాయి. ఇంకెవరి ఇంట్లో అయినా అయితే గుమ్మంలోనే పసిగట్టేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, తన ఇంట్లో మాత్రం నడుముకు రాయమని తైలం సీసా ఇచ్చి ఊరుకుంది.

వారం తిరిగేలోగా హారన్ భార్య ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో నిలబడి, లేదు వదినా, ఏమీ లేదు, మామూలే అంది. గోడక్క ఆ అమ్మాయిని కావలించుకుని ఏడ్చేసింది. డాక్టరమ్మ వచ్చి ఏమైందని కంగారుపడితే, ఏమీ కాలేదు మేడమ్, ఏమీ కానందుకే అంది. మనసులో పెద్ద బరువు దిగిపోయింది. ఇక మిగిలింది కుర్చీ సంగతి.

డిపోకు వెళ్ళేటప్పుడు గది ఖాళీగా ఉంటుందనుకుంది. తీరా చూస్తే కిటకిటలాడుతోంది. వేళాకోళానికే వచ్చి ఉంటారులే అనుకుని, పటం చూపించి, చెప్పాల్సింది చెప్పి, కుర్చీని గోడవైపు తిప్పి కూర్చుంది. అడగండి అంది. ఎవరూ అడగలేదు. ఫ్యాను తిరుగుతోంది. చెమ్మ మరక కిందటి వారం కంటే కాస్త పెరిగింది. ఎవరో కుర్చీ జరిపారు, అంతే, మాట లేదు. ఇన్నేళ్ళ కష్టం ఒక్క మాటతో బూడిదలో పోసిన పన్నీరయిందని ఆమెకు అనిపించింది. ఇంకొక్క నిమిషం చూసి లేచిపోదామనుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో సన్నగా దగ్గారు. తరవాత ఆడగొంతుకూ మగగొంతుకూ మధ్య ఎక్కడో ఇరుక్కున్న ఒక గొంతు లేచింది.

"ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది అక్కా. కండోమ్ ఎన్నాళ్ళు వాడాలి?"

ఎవరో కిసుక్కుమన్నారు. గోడక్క వెన్ను నిటారుగా అయింది. గొంతు ఎంత మార్చినా ఆ దగ్గు మారుతుందా. పెళ్ళయిన నాటినుంచి రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ దగ్గే దగ్గు అది. కట్టుకున్న పెళ్ళాన్ని పట్టపగలు నలుగురి మధ్య అక్కా అని పిలిచిన మొగుడు ఈ భూప్రపంచంలో ఇంకొకడు ఉండడు. దిండు, బిందె, తైలం సీసా ఒక్కసారిగా ఆమె కళ్ళ ముందు వరసకట్టాయి. వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగేసింది. కానీ గంట ఇంకా కాలేదు. ఆమె చెమ్మ మరక వైపే చూస్తూ ఉంది. మరక మసకబారింది.

"మూడు నెలలు," అంది, గొంతు సవరించుకుని. "తరవాత పరీక్ష. అందులో ఏమీ లేదని తేలేదాకా వాడాల్సిందే. ఆ మనిషి మర్చిపోతే అతని భార్య గుర్తుచేస్తుందిలే."

"ఇంకొకటి అక్కా. చీమ కుట్టినట్టుంటుందని ఎవడో వెధవ చెప్పాడు. అబద్ధం. సూది వేసేటప్పుడు కందిరీగ కుట్టినట్టుంది. ఆ తరవాత మాత్రం నిజంగానే ఏమీ తెలియలేదు."

"ఎలా తెలుస్తుంది, సూది చూడగానే కళ్ళు తేలేస్తే," అని హారన్ తన మామూలు గొంతుతోనే అరిచాడు. "పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది నేను, చెయ్యి పట్టుకుంది నేను. నా వేళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి."

గది పైకప్పు లేచిపోయేలా నవ్వింది. గోడక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం అందరికీ కనిపించింది గానీ, నవ్వో ఏడుపో వెనకనుంచి ఎవరికీ తెలిసే వీలు లేదు. ఆమెకూ సరిగ్గా తెలియదు. నవ్వులు సద్దుమణిగాక హారనే మళ్ళీ అడిగాడు, ఈసారి కాస్త మెల్లగా.

"అయితే ఇకనుంచి మేం ఎవరి మాట వినాలి అక్కా? మీదా, బావదా?"

"ఎవరిది విన్నా ఒకటే. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే మాట," అంది గోడక్క.

గది ఎడమ మూలనుంచి కొత్త గొంతొకటి, భార్యకు చెప్పకుండా రోగాల పరీక్ష చేయించుకోవచ్చా అని అడిగింది. ఆమె కళ్ళు తుడుచుకుని, కుర్చీని గోడకు ఇంకాస్త దగ్గరగా జరుపుకుని, జవాబు చెప్పడం మొదలుపెట్టింది.